తూరికీ యాళకీ బళ్ళో చోటేదీ?

మా చిత్తూరు పక్క పల్లెల్లో ఆరో తరగతి పిల్లను ‘టైమ్’ అంటే ఏమిటని అడగండి. తడుముకోకుండా ‘కాలం’ అంటుంది. బళ్ళో అట్లా నేర్పాం. అదే పిల్లకు పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా ఇంట్లో ఆ మాటతో దాదాపు పని పడదు. ‘ఇంగొక తూరి సంగటి పెట్టుమా’ అంటుంది. ‘యాళకు తినకపోతే అవ్వ తిడతాది’ అంటుంది. ‘ఎంతసేపు కాచుకోని ఉండేది?’, ‘అమ్మకు తీరిక లేదు’, ‘అదునుకు వాన పడలా’, ‘పక్కోళ్ళకు మనకన్నా రెండింతలు పండింది’ అంటుంది. వీటిని ఇంగ్లీషులో పెట్టబోతే ప్రతిచోటా ఏదో ఒక రూపంలో ‘టైమ్’ వచ్చి కూర్చుంటుంది. ఆ పిల్ల దగ్గర ఆరు మాటలున్నాయి, ఆరింటికీ ఎక్కడెక్కడ ఏది వాడాలో తెలుసు. మనం ఆ ఆరింటినీ గుమ్మం బయట విడిచిపెట్టి రమ్మని, లోపల ఏడో మాట చేతికిస్తున్నాం.

పాకాల, పుత్తూరు, కార్వేటినగరం వైపు ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయినదాన్ని. ‘టైమ్ అంటే కాలం’ అని బోర్డు మీద రాసి ముందుకు పోయే పద్ధతి పిల్లలకు ఇంగ్లీషునూ రానివ్వడం లేదు, లెక్కల్నీ రానివ్వడం లేదు. ఇంటి తెలుగును ఇంగ్లీషు క్లాసులోకి రానివ్వాలి. యాసతో సహా రానివ్వాలి.

ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా వాడే నామవాచకం ‘టైమ్’ అని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల వాళ్ళు 2006లో తమ పదభాండారాన్ని లెక్కగట్టి తేల్చారు. మనిషి, సంవత్సరం, దారి, రోజు అనే అర్థాలిచ్చే మాటలన్నీ దాని వెనకే ఉన్నాయి. ఇంగ్లీషువాళ్ళు కాలం గురించి మనకన్నా ఎక్కువ ఆలోచిస్తారని దీనికి అర్థం కాదు. మనం పదిమంది చేత చేయించే పనులు వాళ్ళు ఒక్కదానిచేత చేయిస్తారు, అంతే. గడియారం చూపించే గంట, గడిచే సేపు, తీరిక, వంతు, తడవ, రెట్టు, రోజులు, తాళం, జైలుశిక్ష కూడా ఆ నాలుగక్షరాల్లోనే ఉన్నాయి. సముద్రపు ఆటుపోట్లకు వాళ్ళు వాడే ‘టైడ్’ కూడా దీని తోబుట్టువే. వెనకటి ఇంగ్లీషులో దానికి వేళ అనే అర్థం, నీళ్ళ సంగతి తర్వాత వచ్చి చేరింది.

ఇబ్బంది మొదట కనబడేది ఇంగ్లీషు పాఠంలో కాదు, లెక్కల్లో. మన ఎక్కాల్లో ‘టైమ్స్’కు సమానమైన మాటే లేదు. ‘రెండు రెళ్ళు నాలుగు, రెండు మూళ్ళు ఆరు’ అంటాం. రెళ్ళు అంటే రెండు అనే అంకెకే బహువచనం. రెండు ‘రెండు’లు కలిస్తే నాలుగు అని లెక్క కళ్ళ ముందు నిలబడుతుంది. ఇంగ్లీషు మీడియంలోకి రాగానే అదే పిల్ల ‘టూ టైమ్స్ త్రీ’ వింటుంది. టైమ్ అంటే కాలమని నిన్ననే ఇంగ్లీషు టీచరు చెప్పింది. రెండు కాలాల మూడు ఏమిటి? ఒక అమ్మాయి గుణకారం లెక్క పక్కన గడియారం బొమ్మ వేసి తెచ్చింది. తనకు చెప్పినదాన్ని అక్షరాలా నమ్మింది పాపం. ఆ రోజు నుంచి నా క్లాసులో గుణకారానికి ‘తూరి’ని పిలిచాను. మూడును రెండు తూర్లు వేసుకో. ఇరవైలో నాలుగు ఎన్ని తూర్లు పోతాది? వెనక బెంచీలో కూర్చున్నవాళ్ళు కూడా చేతులెత్తారు.

అక్కడితో తీరలేదు. ‘రాము దగ్గర సీత కంటే త్రీ టైమ్స్ యాజ్ మెనీ మామిడికాయలున్నాయి’ అని వస్తుంది. ఇక్కడ తూరి పనికిరాదు. మూడు తూర్లు కాయలున్నాయి అని మనం అనం. ఇక్కడ ఇంతలు కావాలి, రెట్లు కావాలి. ఇంగ్లీషులో ఒకే ‘టైమ్స్’ మనకు రెండుగా విడిపోతుంది: జరిగినదాన్ని లెక్కబెడితే తూరి, కొలతను పోలిస్తే ఇంత. తోతాపురి మామిడికి గుజ్జు ఫ్యాక్టరీలో ఏ రేటు పలికిందో, పోయినేటికి ఎన్నింతలు తగ్గిందో తండ్రి మాటల్లో విన్న పిల్లకు ‘ఇంతలు’ అంటే ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ‘త్రీ టైమ్స్’ అంటే మూడు కాలాలు అని చెప్పిన గైడు మాత్రం నా చేతుల్లోకి వచ్చింది. అచ్చులో.

తిరుపతిలో ఉండేవాళ్ళకు ఇంకో తేడా రోజూ ఎదురవుతుంది. బస్టాండు దగ్గర శ్రీనివాసం ముందో, రైల్వే స్టేషను ఎదుట విష్ణునివాసం ముందో, అలిపిరిలో భూదేవి కాంప్లెక్స్ దగ్గరో ఓ గంటసేపు నిలబడితే చాలు. సర్వదర్శనం టోకెన్లు ఇచ్చే చోట్లు అవి. టోకెను మీద ఉండేది ఒక గంట: ఆ గంటకు వచ్చి లైన్లో చేరమని. పేపర్లో రోజూ వచ్చేది మరొకటి: టోకెను లేనివాళ్ళకు దర్శనానికి ఎన్ని గంటలు పడుతోందో, ముప్పై ఒక్క కంపార్టుమెంట్లలో ఎన్ని నిండాయో. రెంటినీ ఇంగ్లీషు ‘టైమ్’ అనే అంటుంది. తెలుగులో ఒక్క ‘కు’ చాలు, రెండూ విడిపోతాయి. ‘ఎనిమిది గంటలకు దర్శనం’ వేరు, ‘ఎనిమిది గంటల దర్శనం’ వేరు. మొదటిదానికి పడుకుని లేచి తలస్నానం చేసి పోవచ్చు. రెండోదానికి చంటిబిడ్డకు పాలు, పెద్దాయనకు మాత్రలు సర్దుకుని పోవాలి.

లాడ్జీల దగ్గర ఉండే కుర్రాళ్ళు ఉత్తరాది యాత్రికులకు ‘టైమ్ ఎయిట్ అవర్స్’ అని చెప్పడం విన్నాను. వినేవాళ్ళు ఎనిమిదింటికని అనుకుంటారు. ఆ కుర్రాడు తెలుగులో ఎన్నడూ తప్పు చేయడు. ‘ఎన్ని గంటలకు’, ‘ఎన్ని గంటలు’ అని రెండు ప్రశ్నలుగా వాడి నాలుక మీద ఉన్నదాన్ని పక్కపక్కన పెట్టి ‘వాట్ టైమ్’, ‘హౌ లాంగ్’ అని చూపించి ఉంటే ఇంగ్లీషులోనూ చేసేవాడు కాడు. ఎవరూ ఆ ‘కు’ వైపు వాడి చూపు తిప్పలేదు. వ్యాకరణమంటే విభక్తుల పట్టిక బట్టీ పట్టించడమనుకున్నాం.

ఆ టోకెన్ల కోసం నిలబడే జనం మాటల్లోనే టైము మన భాషలో ఎట్లా స్థిరపడిందో వినిపిస్తుంది. ‘మాకు సాయంత్రం ఆరింటికి టైము పడింది’ అంటారు. ఇక్కడ టైము అంటే వంతు. పొలాల్లో కాలవ నీళ్ళకు వంతు పడినట్టే. ఇంటికొచ్చి ‘ఈ మధ్య మా టైము బాగలేదు’ అంటారు. ఇక్కడ టైము అంటే దశ, గ్రహచారం. ఈ అర్థం ఇంగ్లీషువాళ్ళు ఇచ్చింది కాదు, మనం పోసింది. కానీ ‘నాలుగు టైములు చెప్పినా వినలేదు’ అని ఎవ్వరూ అనరు. ‘నాలుగు తూర్లు చెప్పినా’ అనే అంటారు. బడికి పోని రైతు కూడా ఈ అరువు మాటను జల్లెడ పట్టి కొంత తీసుకున్నాడు, కొంత వద్దన్నాడు. తూరి ఉన్నచోట టైము అక్కర్లేదన్నది భాష చేసిన తీర్పు. పాఠ్యపుస్తకం రాసేవాళ్ళు ఆ తీర్పును చదువుకోవాలి.

వ్యాకరణంలో ‘కాలం’ చేసే గందరగోళం ఇంకో రకం. ఇంగ్లీషు ‘టెన్స్’నూ కాలమే అంటున్నాం, ‘టైమ్’నూ కాలమే అంటున్నాం. చిత్తూరు నుంచి కాచిగూడ పోయే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ గురించి ‘ది ట్రెయిన్ లీవ్స్ టుమారో’ అని రాసి, ఇది ప్రెజెంట్ టెన్స్ అంటే పిల్లలు ఒప్పుకోరు. రేపు పోయే రైలు వర్తమానమెట్లా అవుతుంది? వాళ్ళ సందేహం న్యాయమైనది. నిజానికి తెలుగులో ఇలాంటిది వాళ్ళు రోజూ చేస్తున్నారు. ‘రేపు వస్తా’ అన్నా ‘రోజూ వస్తా’ అన్నా క్రియ ఒక్కటే. మన వ్యాకర్తలు రెండోదానికి తద్ధర్మమని పేరు పెట్టారు. క్రియ రూపం వేరు, పని జరిగే రోజు వేరు అని పిల్లకు తన నోట్లోని ‘వస్తా’తోనే చూపించవచ్చు. ఆ తర్వాత ఇంగ్లీషు వాక్యం దానంతటది కుదురుకుంటుంది.

రేణిగుంట జంక్షన్లో ‘ఆన్ టైమ్’, ‘ఇన్ టైమ్’ తేడా ఒక్క వాక్యంలో తేలిపోతుంది. రైలు సరిగ్గా చెప్పిన గంటకు వస్తే ఆన్ టైమ్. అది కదిలేలోపు మనం అందుకుంటే ఇన్ టైమ్. మన మాట ‘అందుకోవడం’లో ఆ రెండోది ఉంది.

వ్యాసం రాయమంటే అసలు కష్టం బయటపడుతుంది. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర మీద రాయమని ఒకసారి ఇచ్చాను. మే నెలలో ఎండ మండిపోతుంటే వారం రోజులు ఊరు ఊరంతా వేషాలు కట్టే జాతర అది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు. ఆ వారంలో తిరుపతివాళ్ళు తేదీలు చెప్పరు. ‘మా అత్త దొర వేషం నాడు వచ్చింది’, ‘మాతంగి వేషం నాటికి పొంగలి సామాను తేవాల’ అంటారు. ఒక ఊరు తన వారాన్ని తానే పేర్లు పెట్టి నడుపుకునే పద్ధతి ఇది. ఇంత చక్కటి సరుకు చేతిలో ఉన్న పిల్లలు ‘వియ్ ఎంజాయ్డ్ గుడ్ టైమ్’ అని రాసి కాగితం ఇచ్చేశారు. ఆ వాక్యం ఏ ఊరి ఏ పండగకైనా సరిపోతుంది. ‘దొర వేషం నాడు’ను ఇంగ్లీషులో ఎట్లా చెప్పాలో అడిగే ధైర్యం వాళ్ళకు లేదు. అది ఇంగ్లీషు క్లాసులో అనాల్సిన మాట కాదని ఎప్పుడో వాళ్ళకు అర్థమైపోయింది. ‘ఆన్ ది డే ఆఫ్ ది దొర వేషం’ అని రాస్తే చాలునని చెప్పాను. వేషం వేషంగానే ఉండనీ. చదివేవాడు అదేమిటని అడుగుతాడు, అప్పుడు రెండో వాక్యం పుడుతుంది.

మన ప్రాంతంలో పుట్టి ఈ ఇంగ్లీషు మాటతో అందరికన్నా లోతుగా పెనుగులాడినవాడు జిడ్డు కృష్ణమూర్తి. 1895లో మదనపల్లెలో పుట్టాడు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు, 1911లో వచ్చింది. మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. ఆయన పుట్టింది అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకు. ఇంగ్లీషు లెక్కకు అది మే 12. తెల్లవారుజాము కాందే కొత్త రోజు రాదనే మన లెక్కకు మే 11. జీవితచరిత్రల్లో రెండు తేదీలూ కనబడతాయి, రెండూ నిజమే. 1980లో భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్‌తో ఆయన చేసిన సంభాషణలు 1985లో ‘ది ఎండింగ్ ఆఫ్ టైమ్’ పేరుతో పుస్తకమయ్యాయి.

ఆ పేరు తెలుగులో ‘కాలాంతం’ అని చెప్పి చూడండి. మనవాళ్ళకు ప్రళయం, యుగాంతం గుర్తుకొస్తాయి. కృష్ణమూర్తి చెప్పింది అది కాదు. బస్సు అందుకోవడానికి, భాష నేర్చుకోవడానికి కావలసిన గడియారపు టైమ్‌ను ఆయన కాదనలేదు. ఇవాళ కోపిష్టిని, ఎన్నాళ్ళకో శాంతపరుణ్నవుతాను అని మనసు తనకు తాను ఇచ్చుకునే వాయిదా ఉందే, ఆ టైమ్ ముగియాలన్నాడు. ‘వాయిదా’ అనే మాట మదనపల్లె కోర్టు మెట్లెక్కిన ప్రతి రైతుకూ తెలుసు. కృష్ణమూర్తిని తెలుగులో చెప్పేవాళ్ళు ‘మానసిక కాలం’ అంటుంటారు. అది తప్పని అనను. దాని పక్కన ‘వాయిదా’ పెట్టి చెప్పినప్పుడు మా ఊళ్ళో పెద్దవాళ్ళ ముఖాల్లో వెలుగు చూశాను, అందుకే దాన్ని వదలలేను.

నగరి, పుత్తూరు వైపు పిల్లలకు ఇంకో భాగ్యం ఉంది, ఇంట్లో సగం తమిళం. తమిళంలో సమయం నేరం, తడవకు తడవై, రెట్టుకు మడంగు. ‘నేరమాచ్చు’ అంటే ఆలస్యమైందని. తెలుగు చెవికి నేరం చేసినట్టు వినిపించి క్లాసంతా నవ్వుతుంది. ఆ నవ్వులోనే ఒక పాఠం జరిగిపోతుంది: తెలుగూ తమిళమూ ఈ మూడింటినీ విడదీశాయి, ఇంగ్లీషు కలిపేసింది. హిందీ కూడా సమయ్, బార్, గునా అని విడదీసిందే. పిల్లలు తమకు ఏదో తక్కువైందని అనుకోకుండా, ఇంగ్లీషు ఇక్కడ ఎట్లా నడుస్తుందో చూద్దామని ముందుకు వంగుతారు.

ఇంగ్లీషు బాగా రావాలంటే తెలుగు తగ్గించాలని నాతో వాదించిన తల్లిదండ్రులు చాలామంది. వాళ్ళ ఆశను నేను తక్కువ చేయను. కూలికిపోయే తల్లి తన కూతురికి ఇంగ్లీషు కావాలని అడగడం న్యాయం. కానీ ఆ పిల్ల ఇంగ్లీషులోకి నడవాల్సింది తనకు తెలిసిన చోటు నుంచే. పండితులు ఇంకోవైపు నుంచి వస్తారు: తూరి, యాళ మాండలికాలు, పుస్తకంలోకి ఎట్లా వస్తాయని. మా జిల్లా నామిని సుబ్రమణ్యం నాయుడు ఆ యాసలోనే రాసిన కథల్ని రాష్ట్రమంతా చదివింది. ఆయనే ‘పిల్లల భాషలో ఆల్జీబ్రా’ కూడా రాశాడు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి వాళ్ళు చుట్టుపక్కల పల్లె బడుల కోసం పాఠాల్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ఆ పల్లెల కథల్నీ పాటల్నీ వాటిలో కలిపి తయారు చేశారు. ఆ పద్ధతిని చూసి తమిళనాడు తన బడుల్లోకి తీసుకుపోయింది. మన గుమ్మం ముందు పుట్టినదాన్ని పక్క రాష్ట్రం వాడుకుంది.

2020 నుంచి మన రాష్ట్రంలో పిల్లలకు ఇస్తున్న పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. ఆ ఆలోచనను మనసారా మెచ్చుకుంటాను. ఆ తెలుగు పేజీ ఎవరి తెలుగులో ఉండాలన్నదే నా ప్రశ్న. రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి వాళ్ళు ఈసారి పుస్తకాలు సవరించేటప్పుడు చివర ఇచ్చే పదాల పట్టికలో ‘టైమ్’ ఎదుట ఒక్క మాటతో సరిపెట్టవద్దు. గంట, సేపు, వేళ, తడవ, రెట్టు, తీరిక, అదును అని విడివిడిగా ఇచ్చి, ఒక్కోదానికి ఒక్కో వాక్యం రాయండి. వాటి పక్కన కొంత ఖాళీ వదలండి. చిత్తూరు పిల్ల అక్కడ తూరి అని, యాళ అని రాసుకుంటుంది. శ్రీకాకుళం పిల్ల తన మాట తాను రాసుకుంటుంది. లెక్కల టీచరూ ఇంగ్లీషు టీచరూ ఏడాది మొదట్లో ఒక పూట కలిసి కూర్చుని, ఏ పాఠంలో ఏ ‘టైమ్స్’ వస్తుందో గుర్తు పెట్టుకోవాలి. దీనికి బడ్జెట్టు అక్కర్లేదు, జీవో అక్కర్లేదు.

తెలుగు రాతపరీక్షలో ‘తూరి’ అని రాసిన పిల్లకు ఎర్రసిరా గీత పెట్టే టీచర్లకు కూడా ఒక మాట. పక్కన ‘సారి’ అని రాయండి, అదీ నేర్చుకోనీ. గీత మాత్రం కొట్టకండి.

బడి దాటి ఆస్పత్రికి పోతే ఈ సంగతి ప్రాణం మీదికి వస్తుంది. మందుల చీటీ మీద ‘త్రీ టైమ్స్ ఎ డే’ ఉంటుంది. మందుల షాపులో ‘మూడు టైములు వేసుకో’ అని కవరు చేతిలో పెడతారు. మా వైపు ముసలమ్మకు తెలిసిన కొలత పూట. పొద్దున పూట, మధ్యాన్నం పూట, రేత్రి పూట. పూటంటే ఆమెకు అన్నం తినే వేళ కూడా. కాబట్టి అన్నం తినని పూట మాత్ర మానేస్తుంది. కొన్ని మాత్రలకు అది సరే, పరగడుపున వేసుకోవాల్సినవాటికి, ఎనిమిది గంటలకొకటి పడాల్సినవాటికి అది చెరుపు. ‘తిన్నా తినకపోయినా పూటకొకటి’ అనో, ‘ఎనిమిది గంటలకొక తూరి, నిద్ర లేపైనా’ అనో కవరు మీద తెలుగులో రాసిచ్చే షాపును తిరుపతిలో ఒకదాన్ని చూశాను. కౌంటరు దగ్గర రాస్తున్న అమ్మాయి పల్లె నుంచి వచ్చి ఫార్మసీ చదివిన పిల్ల. ఎవరు చెప్పారమ్మా ఇట్లా రాయమని అంటే, మా అవ్వకు ఇట్లా అయితేనే తెలుస్తాది మేడం అంది.